తెలియని అక్కలు చెప్పే మాట: ఆన్‌లైన్ ఆరోగ్య గ్రూపుల్లో ఏది తోడు, ఏది వైద్యం

ముప్ఫై ఆరేళ్ల మనిషి. ఇద్దరు పిల్లలు. కొన్ని నెలలుగా బ్లీడింగ్ ఎక్కువవుతోంది, నడుం నొప్పి. స్కానింగ్ తీస్తే గర్భసంచిలో చిన్న గడ్డ ఉందన్నారు. "పిల్లలు పుట్టేశారు కదమ్మా, గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది. లేకపోతే ముందు ముందు క్యాన్సర్ కావచ్చు" అని ఆస్పత్రిలో చెప్పి పంపారు. ఇంటికొచ్చి అత్తగారిని అడిగింది. ఆవిడకు ఎప్పుడో తీసేశారు. తోడికోడలికీ తీసేశారు, పక్కింటి పిన్నిగారికీ తీసేశారు. ముగ్గురూ ఒకటే మాట: "ఏం కాదులే, చేయించేసుకో."

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఊహించి రాయాల్సిన కథ కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అంటే ఆంధ్రలో దాదాపు ప్రతి పదకొండు మందిలో ఒకరు. నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కూర్చున్నచోట ఆ ఆపరేషన్ అయినవాళ్లు ఒకరైనా ఉండటం మామూలే. కాబట్టి ఈ విషయంలో సలహా చెప్పేవాళ్లకు మనకు కొరత లేదు. కొరత ఎక్కడంటే, అదే బ్లీడింగ్‌తో బాధపడి, మందులతోనో, బ్లీడింగ్ తగ్గించడానికి గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తోనో, గడ్డ ఒక్కటే తీయించుకునో గర్భసంచిని ఉంచుకున్న మనిషి చుట్టుపక్కల కనిపించదు.

ఆన్‌లైన్‌లో ఆడవాళ్ల ఆరోగ్య గ్రూపులు ఎందుకు పనికొస్తాయో ఇక్కడినుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. సొంతవాళ్ల ప్రేమ దొరకనివాళ్లే అక్కడికి వెళ్తారని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. ప్రేమ ఉన్న ఇళ్లనుంచి కూడా వెళ్తారు. ఒకే ఇంట్లో, ఒకే వీధిలో ఉన్నవాళ్లు ఒకే డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఒకే మాట వింటారు, అదే మనకు చెబుతారు. 1973లో మార్క్ గ్రానొవెట్టర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త, కొత్త సమాచారం మనకు దగ్గరివాళ్లకంటే ముఖపరిచయం ఉన్నవాళ్లనుంచే ఎక్కువగా వస్తుందని వాదించాడు. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది కాబట్టి. ఆయన చెప్పింది ప్రధానంగా ఉద్యోగాల గురించి. గర్భసంచి విషయంలో అది ఇంకా బాగా సరిపోతుంది. విశాఖలో ఉన్న మనిషికి డాలస్‌లోనో, దుబాయ్‌లోనో, కరీంనగర్‌లోనో ఉన్న మరో తెలుగావిడ "నాకూ ఇదే చెప్పారు, నేను ఇంకో డాక్టరుకు చూపించాను" అనడం, ఆ మనిషి జీవితంలో మొదటిసారి విన్న రెండో మాట కావచ్చు.

కొత్తవాళ్ల దగ్గర ఇంకో సౌకర్యం ఉంది. వాళ్లకు మన కుటుంబంలో వాటా లేదు. భర్తతో కలిసినప్పుడు నొప్పి అని ఒకావిడ చెల్లెలితో అంటే ఆ మాట మరిది దాకా వెళ్తుందేమోనని భయం. పెళ్లికాని అమ్మాయి పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య) అని పెద్దమ్మతో అంటే సంబంధాల దగ్గర అడ్డొస్తుందని టెన్షన్. తెల్లబట్ట, దురద, దగ్గినప్పుడు మూత్రం కారడం లాంటివి తోబుట్టువులకు కూడా చెప్పుకోనివాళ్లు ముఖం తెలియని మనిషికి అర్ధరాత్రి టైప్ చేసి చెబుతారు. చెప్పుకున్నాక ఆ మనిషిని పెళ్లిళ్లలో చూడాల్సిన పని లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఈ గ్రూపుల్లో మూడు వేరువేరు సంగతులు ఒకే గొంతుతో వస్తాయి. ఒకటి తోడు: "నువ్వు ఒక్కదానివే కాదు" అనే భరోసా. రెండోది అనుభవం: ఈ పరిస్థితిలో రోజు ఎలా గడపాలి అనే తెలివిడి. మూడోది వైద్యం: ఏ రోగం, ఏ మందు, ఏ ఆపరేషన్. రాత్రి పదకొండింటికి "ఏడవకు అక్కా, మేమున్నాం" అని రాసిన మనిషే, మరుసటి రోజు "ఆ మాత్ర ఆపెయ్, నేను ఆపేశాక బాగున్నా" అని కూడా రాస్తుంది. మొదటి మాట విన్నాక రెండోది నమ్మాలనిపించడం సహజం. కానీ మొదటిదానికి ఆమెకు ఉన్న అర్హత రెండోదానికి లేదు.

అనుభవం దగ్గర ఈ గ్రూపులను మించినవి లేవు. 1998లో కాథీ కెల్లీ అనే అమెరికన్ మహిళ గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకోసం హిస్టర్‌సిస్టర్స్ అనే ఆన్‌లైన్ సమూహాన్ని మొదలుపెట్టింది. ఇలాంటిది ఎందుకు అవసరమైందో డిశ్చార్జి కాగితం చూస్తే తెలుస్తుంది. "ఆరు వారాలు బరువులు ఎత్తరాదు" అని ఒక లైను ఉంటుంది. బరువంటే ఏది? నీళ్ల బిందె బరువే. గ్యాస్ సిలిండర్ సరే. తడి బట్టల బకెట్? రుబ్బిన పిండి గిన్నె? ఎత్తుకోమని చేతులు చాపే రెండేళ్ల పిల్ల? చీర కట్టుకుంటే లంగా బొందు సరిగ్గా కుట్ల మీద పడుతుంది, ఎక్కడ కట్టుకోవాలి? ఆటోలో గతుకులకు పొట్ట అదురుతుంటే దిండు అదిమి పట్టుకోవచ్చా? దగ్గు వస్తే? మోషన్ రాకపోతే? మూడో వారంలో ఏ కారణం లేకుండా ఏడుపొస్తే అది హార్మోన్లా, నీరసమా, ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోవడమా? డాక్టరుకు ఇవి చెప్పేంత టైమ్ ఉండదు. చాలాసార్లు తెలియను కూడా తెలియదు, ఎందుకంటే ఆయన కుట్టిన పొట్టతో ఆటోలో వెళ్లలేదు. నెల ముందు ఆపరేషన్ అయిన మనిషికి ఇవన్నీ తెలుసు. నెల ముందు అని ఎందుకంటున్నానంటే, పదేళ్ల క్రితం అయిన అత్తగారికి ఆ నొప్పి గుర్తుండదు. "మేము లేచి వంట చేయలేదా" అనేస్తారు.

గర్భిణుల గ్రూపుల్లో ఇదే సంగతి ఇంకా చక్కగా కుదిరింది. బేబీసెంటర్ లాంటి వెబ్‌సైట్లలో ప్రసవం ఏ నెలలో ఉందో ఆ నెలవాళ్లందరినీ ఒక క్లబ్బుగా కలుపుతారు. అందరికీ ఒకే వారం వాంతులు, ఒకే వారం కాళ్ల వాపులు, ఒకే వారం నిద్ర లేని రాత్రులు. అమెరికాలో మొదటి కాన్పుకు అమ్మ వీసా రాక ఒంటరిగా ఉన్న తెలుగమ్మాయికి పథ్యం వంటల దగ్గర్నుంచి పాలు పడకపోవడం దాకా అడగడానికి ఓ మనిషి కావాలి. ఈ స్నేహాల్లో కొన్ని పిల్లలు బడికి వెళ్లేదాకా సాగుతాయి, చాలావరకు ఆ ఏడాదితో అయిపోతాయి. అయిపోయినంత మాత్రాన అవి ఉత్తుత్తి స్నేహాలని నేననుకోను.

మరి ఈ తోడు రోగాన్ని తగ్గిస్తుందా? దీనికి ఒక ఆసక్తికరమైన చరిత్ర ఉంది. 1989లో స్టాన్‌ఫర్డ్ సైకియాట్రిస్టు డేవిడ్ స్పీగెల్, ఒంట్లో పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది మహిళలపై చేసిన అధ్యయనాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఏడాదిపాటు వారానికోసారి కలిసి మాట్లాడుకున్నవాళ్లు సగటున 36.6 నెలలు బతికారు, అలా కలవనివాళ్లు 18.9 నెలలు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. 2001లో కెనడాలో పమేలా గుడ్‌విన్ బృందం 235 మందితో అదే పద్ధతిని పరీక్షించింది. ఆయుష్షులో తేడా కనిపించలేదు. 2007లో స్పీగెల్ స్వయంగా మళ్లీ చేసినా మొదటి ఫలితం రాలేదు. కానీ గుడ్‌విన్ అధ్యయనంలో ఒక సంగతి నిలబడింది: గ్రూపులో ఉన్నవాళ్లకు దిగులు, నొప్పి బాధ తగ్గాయి, ముఖ్యంగా మొదట్లో ఎక్కువ దిగులుతో వచ్చినవాళ్లకు. అవి ఎదురెదురుగా కూర్చుని, శిక్షణ ఉన్నవాళ్లు నడిపిన గ్రూపులు, వాట్సాప్ గ్రూపులు కావు. అయినా దాన్నిబట్టి ఒక అంచనా వేసుకోవచ్చు. తోడు దొరికితే జబ్బును మోయడం తేలికవుతుంది. జబ్బు పోతుందని మాత్రం చెప్పలేం.

ఇక వైద్యం సంగతి. గ్రూపు మాట వినకూడదు, డాక్టరు మాటే వినాలి అని ఒక్క ముక్కలో తేల్చేయడం సులువు. కానీ చరిత్ర అలా లేదు. ఎస్యూర్ అనే పరికరం ఉండేది. ఆపరేషన్ లేకుండా, పిల్లలు పుట్టకుండా అండవాహికల్లో పెట్టే చిన్న లోహపు చుట్ట. 2002లో, మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతిచ్చింది. పెట్టించుకున్న కొందరికి విపరీతమైన కడుపునొప్పి, బ్లీడింగ్. వెళ్లిన చోటల్లా "దీనివల్ల కాదు" అన్నారు. 2011లో ఏంజీ ఫర్మలీనో అనే న్యూయార్క్ మహిళ ఫేస్‌బుక్‌లో గ్రూపు పెట్టింది, అందులో వేలమంది చేరారు. ఒక్కొక్కరు ఒక్కో డాక్టరు గదిలో ఒంటరిగా చెప్పినప్పుడు భ్రమలా కొట్టేసిన ఫిర్యాదు, అందరూ ఒకేచోట రాసేసరికి ఒకే నమూనాలా కనిపించింది. 2015లో ఎఫ్‌డీఏ సలహా కమిటీ విచారణ జరిపింది, 2016లో గట్టి హెచ్చరిక ముద్రించాలంది, 2018 చివరికి, దాన్ని తయారుచేసే బేయర్ సంస్థ అమెరికాలో అమ్మకం ఆపేసింది. 2020లో తప్పు ఒప్పుకోకుండానే, కేసుల పరిష్కారానికి దాదాపు 160 కోట్ల డాలర్లు ఇస్తామంది.

కాబట్టి గ్రూపుకు తెలియనిదంటూ లేదా? ఉంది. ఎంతమందికి బాగుందో గ్రూపుకు తెలియదు. ఆపరేషన్ అయి, ఆరు వారాల్లో కోలుకున్న మనిషి మళ్లీ గ్రూపు తెరవదు. ఆమెకు పిల్లల పరీక్షలున్నాయి, ఉద్యోగం ఉంది. ఇబ్బంది ఉన్నవాళ్లే మిగిలి రాస్తారు. కొత్తగా చేరినావిడకు అందరికీ ఇబ్బందులే వచ్చినట్టు కనిపిస్తుంది, భయపడి నిజంగా అవసరమైన ఆపరేషన్ కూడా వాయిదా వేస్తుంది. ఇంటి చుట్టుపక్కల ఒకవైపు మొగ్గు ఉంటే, గ్రూపులో రెండోవైపు మొగ్గు. "ఇలా జరగొచ్చు" అని చెప్పడానికి గ్రూపు మంచి సాక్షి. "ఎంతమందికి జరుగుతుంది" అనే లెక్కకు పనికిరాదు. ఎస్యూర్ విషయంలోనూ గ్రూపు చేసింది ప్రశ్నను లేవనెత్తడం. తేల్చాల్సింది అధ్యయనాలే.

పీసీఓడీ గ్రూపుల్లోకి వెళ్తే ఈ చిక్కుముడికి డబ్బు కూడా వచ్చి చేరుతుంది. స్కానింగ్‌లో "నీటి బుడగలు" కనిపించగానే పీసీఓడీ అని ముద్ర వేసేసుకుంటారు. 2003 నుంచి డాక్టర్లు వాడుతున్న రాటర్‌డ్యామ్ ప్రమాణాల ప్రకారం మూడు లక్షణాల్లో రెండు ఉండాలి: నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ ఎక్కువైన గుర్తులు లేదా రక్తపరీక్ష, స్కానింగ్‌లో అండాశయాల తీరు. బుడగలొక్కటే చాలవు. ఇదే లక్షణాలు థైరాయిడ్ వల్ల కూడా రావొచ్చు, కాబట్టి అది కాదని కూడా చూడాలి. ఆ పని కామెంట్లలో జరగదు. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ (పీసీఓడీకే మరో పేరు) మార్గదర్శకాలు ఆహారం గురించి ఒక సంగతి చెప్పాయి: ఏ ఒక్క ఆహార పద్ధతీ మిగతావాటికంటే మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు. అయినా గ్రూపుల్లో ఈ నెల గింజలు, వచ్చే నెల కీటో, ఆ పై నెల ఏదో పొడి. 90 రోజుల్లో పీసీఓడీని రివర్స్ చేస్తామని పర్సనల్ మెసేజ్ వస్తుంది. పంపింది ముక్కూమొహం తెలియని కంపెనీ అయితే తోసిపుచ్చడం తేలిక. ఆరునెలలుగా పుట్టినరోజుకు విష్ చేస్తున్న "సిస్" అయినప్పుడే కష్టం. నిజానికి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, నెలసరి లోపాలను సరిచేసే మందులంటూ ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఆ చట్టం పత్రికలను, గోడలను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. స్నేహం ముసుగులో వచ్చే మెసేజ్‌ని అది పట్టుకోవాలంటే ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి, స్నేహితురాలి మీద ఎవరు చేస్తారు?

ఇక్కడే అడ్మిన్‌ల పనితనం తెలుస్తుంది. గ్రూపు మంచిదా కాదా అనేది సభ్యుల సంఖ్యను బట్టి చెప్పలేం. అమ్మకాలు పెట్టినవాళ్లను తీసేస్తున్నారా, మందుల డోసులు చెబితే ఆపుతున్నారా, "వెంటనే ఆస్పత్రికి వెళ్లు" అనాల్సినచోట అంటున్నారా అన్నది చూడాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలు దాటినా, నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపించినా, కడుపుతో ఉన్నప్పుడు తీవ్రమైన నొప్పో బ్లీడింగో వచ్చినా, అక్కడ అభిప్రాయాలు అడగాల్సిన పని లేదు. సంతానం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ల గ్రూపుల్లో ఇంకో మర్యాద ఉంటుంది. గర్భ పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్లు ఆ ముచ్చట వేరే చోట చెప్పుకోవాలి, లేదా ముందే హెచ్చరించి రాయాలి. బయటివాళ్లకు ఇది చాదస్తంలా అనిపించవచ్చు. మూడోసారి ఐవీఎఫ్ ఫెయిలై ఆ రోజే ఇంటికొచ్చిన మనిషికి అనిపించదు. ఇవన్నీ చూసుకునేవాళ్లకు జీతం లేదు. చాలాసార్లు వాళ్లూ పేషెంట్లే. క్యాన్సర్ గ్రూపుల్లో సభ్యులు చనిపోతుంటారు, ఆ వార్త మిగతావాళ్లకు చెప్పాల్సింది కూడా అడ్మినే.

గోప్యత గురించి మనవాళ్లకు నిర్లక్ష్యం ఎక్కువ, నిష్ఠూరంగా ఉన్నా చెప్పక తప్పదు. రిపోర్టు ఫొటో తీసి అలాగే పెట్టేస్తారు. దాని మీద పేరు, వయసు, ఫోన్ నంబరు, ఆస్పత్రి నంబరు అన్నీ ఉంటాయి. మామూలు వాట్సాప్ గ్రూపులో మన నంబరు సభ్యులందరికీ కనిపిస్తుంది. ఫేస్‌బుక్ గ్రూపులో పేరు లేకుండా పోస్టు పెట్టినా అడ్మిన్‌లకు పేరు తెలుస్తుంది. స్క్రీన్‌షాట్‌ను ఆపేవాళ్లు ఎక్కడా లేరు. 2018లో, వంశపారంపర్యంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు ఉన్న మహిళల ఫేస్‌బుక్ గ్రూపును నడుపుతున్న ఆండ్రియా డౌనింగ్ ఒక లోపాన్ని బయటపెట్టింది. క్లోజ్డ్ గ్రూపుల్లోని సభ్యుల పేర్ల జాబితాను బయటివాళ్లు మూకుమ్మడిగా దించుకునే వీలుందని. జబ్బు పేరుతో ఉన్న గ్రూపులో సభ్యురాలిగా ఉండటమే ఒక ఆరోగ్య వివరం కదా. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది, ఫోన్ ఒకరిదే అయినా చూసేవాళ్లు నలుగురు.

అసలు ఫోన్ లేనివాళ్ల సంగతి? 2019-20లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడిగినప్పుడు, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. అప్పటినుంచి పెరిగే ఉంటారు. కానీ గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది పల్లెల్లో, చదువు తక్కువున్నవాళ్లకు. గ్రూపుల్లో మాట్లాడేది ఎక్కువగా పట్నంవాళ్లు, చదువుకున్నవాళ్లు. అందుకే "మా అమ్మకు తీయాలంటున్నారు, ఏం అడగాలి?" అని కూతుళ్లు పెట్టే పోస్టులు నాకు అన్నిటికంటే విలువైనవిగా అనిపిస్తాయి.

ఏం అడగాలి అన్నదానికి ఇప్పుడు బలం కూడా ఉంది. హైదరాబాద్‌లో ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి లాంటి డాక్టర్లు అనవసరపు ఆపరేషన్ల గురించి ఏళ్లుగా చెబుతున్నారు. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ అలాంటి ఆపరేషన్లను ఆపడానికి మార్గదర్శకాలిచ్చింది. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రాష్ట్రాలన్నీ వాటిని మూడు నెలల్లో అమలుచేయాలంది. 40 ఏళ్లలోపువారికి చేసే ఆపరేషన్లపై, వాటి కారణాలపై ప్రత్యేకంగా నిఘా ఉండాలన్నది అందులో ఒక అంశం.

గ్రూపులో నలుగురితో మాట్లాడి కాగితం మీద రాసుకుని వెళ్లదగిన ప్రశ్నలివి. గడ్డ సైజెంత, ఎక్కడుంది? క్యాన్సర్ అనుమానం ఉంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం) చేశారా, లేక ఊరికే అన్నారా? గర్భసంచి కండరంలో పెరిగే మామూలు ఫైబ్రాయిడ్ గడ్డ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. మాత్రలు, హార్మోన్ లూప్ ప్రయత్నించి చూడవచ్చా? గడ్డ ఒక్కటే తీయవచ్చా? తీయక తప్పదంటే, అండాశయాలు ఉంచుతారా? నెలసరి సహజంగా ఆగే వయసుకు ముందే వాటిని తీసేస్తే ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోకుండా, తీసిన గర్భసంచిని ల్యాబ్‌లో పరీక్షించిన రిపోర్టు కూడా అడిగి తీసుకోవాలి. అండాశయాలు ఉంచారో తీసేశారో తెలియకుండానే ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులకు మందులు మింగుతున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఆ సంగతి కచ్చితంగా తెలిసేది ఆపరేషన్ నోట్సులో, ఆ ల్యాబ్ రిపోర్టులో.